దొంగ కాపీలు లేని కంప్యూటరు: గోదావరి డెల్టాలోని చిన్న దుకాణాలకు, విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

రావులపాలెంలోనో పాలకొల్లులోనో కొత్తగా డీటీపీ సెంటరు (కంప్యూటరులో కంపోజింగు, డిజైను చేసి ఇచ్చే దుకాణం) తెరిచినవారికి సిస్టం అమర్చి ఇచ్చే మనిషి అడగకుండానే విండోస్, ఆఫీస్, ఫోటోలకు ఫోటోషాప్, డిజైనుకు కోరల్‌డ్రా, పేజీల కూర్పుకు పేజ్‌మేకర్, వందల కొద్దీ ఫాంట్లు అన్నీ వేసి ఇస్తాడు. బిల్లులో వాటి ఊసు ఉండదు, అవి దొంగ కాపీలు. అవన్నీ కంప్యూటరుతో పాటు వచ్చేవేనన్న భావన అక్కడే మొదలై, ఫోటో స్టూడియోలోనూ, ఎరువుల దుకాణంలోనూ, రైసు మిల్లు గుమస్తా బల్ల మీదా, పాలిటెక్నిక్ విద్యార్థి ల్యాప్‌టాప్‌లోనూ అలాగే కొనసాగుతుంది. ఆ స్థితి నుంచి బయటపడదలచినవారు ఏ వరుసలో ఏమేం చేయాలో, దేనికి డబ్బు పెట్టాలో, ఏది ఉచితంగానూ న్యాయంగానూ దొరుకుతుందో, పాత ఫైళ్లు పోకుండా ఎలా మారాలో ఇక్కడ వివరిస్తున్నాను. సాఫ్ట్‌వేరు పేర్లను పక్కనపెట్టి చేసే పనితో లెక్క మొదలుపెడితే, మన చిన్న దుకాణాలకు నిజంగా కొనవలసినవి ఒకటో రెండో తేలుతాయని, మిగిలిన పనంతా ఉచిత సాఫ్ట్‌వేరుతో సాగుతుందని నా నమ్మకం.

మొదటి అడుగు: పనుల చిట్టా రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, గడచిన మూడు నెలల్లో ఆ కంప్యూటరు మీద మీరు చేసిన పనులను రాయండి. "ఫోటోషాప్" అని రాయవద్దు. "పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడం", "శుభలేఖ కంపోజింగ్", "ఆరడుగుల ఫ్లెక్స్ డిజైను", "బిల్లు బుక్కు", "పట్టాదారు పాసుపుస్తకం అర్జీ టైపు చేయడం", "జీఎస్టీ రిటర్నుకు అమ్మకాల జాబితా" అని రాయండి. ప్రతి పని పక్కన రెండు విషయాలు చేర్చండి: ఆ పని ఏ రూపంలో బయటికి వెళుతుంది, దాన్ని అందుకునేది ఎవరు. ప్రెస్సుకు పీడీఎఫ్ వెళుతుందా, ఫ్లెక్స్ యంత్రానికి జేపెగ్ వెళుతుందా, ఆడిటరుకు ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేరు) డేటా వెళుతుందా అన్నదే తర్వాతి నిర్ణయాలన్నిటికీ ఆధారం. అవతలివారు పీడీఎఫ్ మాత్రమే అడుగుతున్నప్పుడు మీరు దాన్ని ఏ సాఫ్ట్‌వేరులో తయారుచేశారో వారికి పట్టదు. అవతలివారికి మీరు వాడే సాఫ్ట్‌వేరు ఫైలే కావాలంటే మాత్రం ఆ సాఫ్ట్‌వేరు కొనడం గురించి ఆలోచించవలసి వస్తుంది.

ఈ చిట్టా రాసినవారు చాలామంది ఒక సంగతి గమనిస్తారు. ఫోటోషాప్‌తో రోజూ చేసేది ఫోటో కత్తిరించడం, నేపథ్యం తెల్లగా మార్చడం, వెలుతురు సరిచేయడం, ఎనిమిది ఫోటోలను ఒక కాగితం మీద పేర్చడం వరకే. అంత పెద్ద సాఫ్ట్‌వేరులో వారు వాడేది చాలా చిన్న భాగం.

రెండో అడుగు: ఇప్పుడు సిస్టంలో ఏముందో తెలుసుకోండి

విండోస్‌తో మొదలుపెట్టండి. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్‌లో సిస్టం, విండోస్ 10లో అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో యాక్టివేషన్ తెరిచి చూడండి. మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా విండోస్ యాక్టివేట్ అయినట్లు అక్కడ కనిపించిందనుకుందాం. అది పెద్ద కంపెనీలు, విశ్వవిద్యాలయాలు తమ కంప్యూటర్లన్నిటికీ కలిపి తీసుకునే లైసెన్సు పద్ధతి. ఏ సంస్థకూ చెందని మీ దుకాణం సిస్టంలో ఆ మాట కనిపిస్తే, ఎవరో నకిలీ యాక్టివేటరు నడిపి వెళ్లారని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు.

ల్యాప్‌టాప్ ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. విండోస్ 8 కాలం నుంచి, విండోస్‌తో కలిపి అమ్మిన ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే భద్రమై ఉంటుంది. అదే ఎడిషన్‌ను మళ్లీ వేస్తే కీ అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. అయితే ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఫార్మాట్ కొట్టించినప్పుడు, హోమ్ ఎడిషన్ లైసెన్సు ఉన్న యంత్రంలో ప్రో ఎడిషన్ వేసి దొంగ యాక్టివేటరుతో నడిపించడం మన ఊళ్లలో మామూలైపోయింది. సొంతదారు డబ్బు పెట్టి కొన్న హక్కు యంత్రంలోనే ఉండగా, పైన దొంగ కాపీ నడుస్తూ ఉంటుంది. అటువంటి యంత్రంలో హోమ్ ఎడిషన్‌ను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దింపుకొని తిరిగి వేసుకుంటే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మీరు చట్టబద్ధులవుతారు. ఈ మార్గదర్శిలో అన్నిటికంటే తేలికైన పని ఇదే కనుక ముందు దీన్ని ముగించండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, యంత్రం తట్టుకోగలిగితే విండోస్ 11కు వెళ్లడం మంచిది. తట్టుకోలేని పాత యంత్రానికి, విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగు సిస్టం లినక్స్ మింట్ వంటిది సరిపోతుంది. అయితే ఈ-కేవైసీకి వాడే వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెను, మీ ప్రింటరు లినక్స్‌లో పనిచేస్తాయో లేదో ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసిన తర్వాతే నిర్ణయించుకోండి.

తర్వాత మిగిలిన సాఫ్ట్‌వేర్ల జాబితా రాసి, ఒక్కొక్కటికీ బిల్లుగాని, ఈమెయిలులో వచ్చిన లైసెన్సుగాని ఉందా అని చూడండి. రెండూ లేకుండా పనిచేస్తున్న ఖరీదైన సాఫ్ట్‌వేరు ఏదైనా ఉంటే దాన్ని క్రాక్, అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీ, అనుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు అమ్మే కీలను కూడా ఇదే కోవలో వేయండి. వాటిలో చాలా భాగం ఏదో సంస్థకు ఇచ్చినవి, లేదా వేరే యంత్రంతో కలిపి అమ్మినవి చీల్చి అమ్మేవే. బిల్లు చేతికి వచ్చినంత మాత్రాన అటువంటి కీ న్యాయమైనదైపోదు.

మూడో అడుగు: "ఉచితం" అని ఉన్నదల్లా ఒకటి కాదని గుర్తించండి

డబ్బు అడగని సాఫ్ట్‌వేర్లలో నాలుగు తీరులు ఉన్నాయి. వ్యాపారం చేసేవారికి ఈ తేడాలు తప్పనిసరిగా తెలిసి ఉండాలి.

లిబ్రెఆఫీస్ (ఉత్తరాలు, జాబితాలు), జింప్ (ఫోటోలు), ఇంక్‌స్కేప్ (బొమ్మలు), స్క్రైబస్ (పేజీ కూర్పు), వీఎల్‌సీ (వీడియో చూడడం), 7-జిప్ (ఫైళ్లు కుదించడం) వంటివి స్వేచ్ఛా లైసెన్సుల కింద విడుదలయ్యాయి. అమెరికా ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన నాటి నుంచి పెరిగిన సంప్రదాయమిది. వీటిని ఇంట్లోనూ, దుకాణంలోనూ, ఎన్ని యంత్రాల్లోనైనా వాడవచ్చు, పక్కవారికి కాపీ చేసి ఇవ్వవచ్చు, తెలిసినవారైతే లోపలి కోడును మార్చుకోవచ్చు కూడా. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029ను, అంటే మన స్వర్ణను, రైతులు తమ గాదెలోని గింజలనే విత్తనంగా దాచుకుని, పొరుగువారికి పంచుకుని, తూర్పు భారతమంతా పరచుకునేలా చేశారు. ఏటా కొట్టులో కొనక తప్పని హైబ్రిడ్ విత్తనానికీ దానికీ ఉన్న తేడాయే, చందా సాఫ్ట్‌వేరుకూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకూ ఉంది.

రెండో తీరు, కంపెనీ తన హక్కులన్నీ తన దగ్గరే ఉంచుకుని వాడకానికి మాత్రం డబ్బు అడగనిది. వీడియో ఎడిటింగుకు వాడే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షను ఇటువంటిది. మూడోది, వ్యక్తిగత వాడకానికే ఉచితమైనది. దూరం నుంచి సిస్టం చూసే టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ ఉచిత వాడకం ఈ కోవలోనివి. వాటితో డబ్బు తీసుకుని సర్వీసు చేస్తే లైసెన్సు ఉల్లంఘించినట్లే, కాబట్టి ఆ పనికి రస్ట్‌డెస్క్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు చూసుకోవాలి. ఫాంట్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ. వ్యక్తిగత వాడకానికి మాత్రమేనని రాసి ఉన్న ఫాంటుతో డబ్బుకు ఫ్లెక్స్ వేసి ఇవ్వడం, క్రాక్ వాడడం కంటే ఏమంత మెరుగు కాదు. నాలుగోది గడువు ఉన్న ట్రయల్, లేదా విద్యార్థి లైసెన్సు. ఏ సాఫ్ట్‌వేరు వేసేముందైనా దాని సైటులో లైసెన్సు పేజీ తెరిచి, వ్యాపార వాడకం గురించి ఏం రాశారో ఒక్క పేరా చదవండి.

ఎందుకు మారాలి

అడుగులను ఇక్కడ కాసేపు ఆపి కారణాల గురించి చెప్పాలి. కారణం మనసుకు పట్టకపోతే తర్వాతి శ్రమకు ఎవరూ ఓర్చుకోరు.

చట్టం విషయం స్పష్టంగా ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనగా పరిగణిస్తుంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరులో వాడితే, 63బి సెక్షను ప్రకారం ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభానికో వ్యాపారంలో భాగంగానో వాడలేదని తేలితే, న్యాయస్థానం జైలు లేకుండా 50,000 మించని జరిమానాతో సరిపెట్టవచ్చు. ఈ మినహాయింపు విద్యార్థికి పనికిరావచ్చుగాని దుకాణదారుకు పనికిరాదు. అయినా, పల్లెటూరి దుకాణం దాకా ఎవరూ రారన్న ధీమా ఉన్నవారిని ఈ భయం కదిలించదని నాకు తెలుసు. నాకు ముఖ్యమని తోచేవి వేరే ఉన్నాయి.

మొదటిది, మీ దగ్గరికి వచ్చే జనం. మన ఊళ్లలో డీటీపీ సెంటరే నెట్ సెంటరు, అదే అర్జీల కేంద్రం. పింఛను కోసం వచ్చిన ముసలమ్మ ఆధార్ కార్డు, కౌలు రైతు బ్యాంకు పాసుపుస్తకం, పదో తరగతి పిల్లల మార్కుల జాబితాలు మీ హార్డ్‌డిస్కు మీదే ఉంటాయి. క్రాక్ వేసే సూచనల్లో మొదటి వాక్యం తరచుగా "యాంటీవైరస్ ఆపేయండి" అని ఉంటుంది. కాపలా కుక్కను కట్టేసి తలుపు తీయమని అడిగేవాడు లోపలికి ఏం తెచ్చాడో మీకు తెలిసే అవకాశం లేదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే స్టాప్ అనే రాన్సమ్‌వేరు కుటుంబం ఎక్కువగా వ్యాపించింది క్రాకులు, కీజెన్లు (దొంగ కీలు పుట్టించే ప్రోగ్రాములు) ఉన్న సైట్ల ద్వారానే. మీ సొంత ఫైళ్లు పోవడం మీ నష్టం. నమ్మి ఇచ్చినవారి కాగితాలు బయటికి పోవడం మాత్రం మీరు వారికి చేసిన అన్యాయం అవుతుంది.

రెండోది, నష్టపోయేది అమెరికా కంపెనీ మాత్రమే అన్న అపోహ. పెద్ద కంపెనీలు దొంగ కాపీల వల్ల కొంత లాభపడ్డాయి కూడా. 1998లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ బిల్ గేట్స్, చైనాలో ఎలాగూ దొంగిలిస్తారు గనుక మా సాఫ్ట్‌వేరునే దొంగిలిస్తే మేలు, దానికి అలవాటు పడ్డాక డబ్బు ఎలా రాబట్టాలో వచ్చే దశాబ్దంలో చూసుకుంటాం అనే అర్థం వచ్చేలా చెప్పాడు. నిజంగా దెబ్బ తినేది తెలుగు ఫాంట్లు, తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్లు, దుకాణాల బిల్లింగు ప్రోగ్రాములు తయారుచేసే మన చిన్న కంపెనీలు. వారికి వేరే మార్కెట్టు లేదు. తెలుగు అక్షరానికి గుండ్రం కుదిర్చి, వందలాది ఒత్తుల కూడికలను ఒక్కొక్కటిగా గీసిన మనిషి శ్రమను పెన్‌డ్రైవులో వేసుకుని పంచుకుంటే, రెండో ఫాంటు గీయడానికి అతనికి దారి ఉండదు. లైసెన్సు కొనుక్కున్న పక్క వీధి దుకాణం కూడా నష్టపోతుంది. దానికి శుభలేఖ డిజైను మీరు చెప్పిన ధరకు గిట్టుబాటు కాదు.

మూడోదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరుగాని, నా దృష్టిలో అదే పెద్దది. ఖరీదైన సాఫ్ట్‌వేరు ఊరికే దొరుకుతున్నంత కాలం, న్యాయంగా ఊరికే దొరికేదాన్ని ఎవరూ తెరిచి చూడరు. వాడేవారు లేకపోతే తెలుగులో అది ఎక్కడ తప్పుతోందో చెప్పేవారు ఉండరు. చెప్పేవారు లేకపోతే అది బాగుపడదు. బాగుపడనిదాన్ని చూపించి "ఉచితమైనవి తెలుగుకు పనికిరావు" అంటారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో తెలుగు ఇన్నేళ్లు వెనుకబడడానికి ఈ గొలుసు ముఖ్య కారణమని నేను భావిస్తున్నాను. ప్రభుత్వ బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నేర్పిన కేరళలో మలయాళానికి ఆ ఇబ్బంది తక్కువ.

అటువైపు వాదనల్లోనూ న్యాయం ఉంది. విదేశీ కంపెనీలు నిర్ణయించిన నెలచందా అంబాజీపేట ఆపరేటరు సంపాదనతో పొసగదు. అడోబీ 2013 నుంచి చందా పద్ధతికే మళ్లడంతో, ఒకసారి కొని పదేళ్లు వాడుకునే దారి కూడా మూసుకుపోయింది. పేజ్‌మేకర్ అయితే 2001లో వచ్చిన 7.0 తర్వాత ఆగిపోయింది. కొందామన్నా అమ్మేవారు లేరు. నాడు కొన్న పేజ్‌మేకర్ కాపీ ఉన్నవారు నిశ్చింతగా వాడుకోవచ్చు, దాన్ని భద్రపరచడానికి ఒక నకలు తీసుకోవడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. లేనివారికి మాత్రం, తయారీ ఆగినంత మాత్రాన హక్కు ముగిసిపోదు. ధర అన్యాయంగా ఉందనిపిస్తే ఆ సాఫ్ట్‌వేరును వదిలి వేరేదానికి వెళ్లడమే ఆ ధరకు సరైన జవాబు అని నా అభిప్రాయం.

నాలుగో అడుగు: వృత్తిని బట్టి ఎంచుకోండి

డీటీపీ, ప్రింటింగు. అసలు కష్టం ఇక్కడే ఉంది. దశాబ్దాలుగా మన కంపోజింగు అంతా అను వంటి, యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ అంతటా ఒకే సంకేతాలు పెట్టిన పద్ధతి) కాని ఫాంట్లలో జరిగింది. ఆ ఫైలులో దాచి ఉన్నది తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానాలు. ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంటు తీసేస్తే అర్థంకాని గుర్తులు మిగులుతాయి. ఫైలులో ఒక పేరు వెతికినా దొరకదు. పేజ్‌మేకర్‌కు యూనికోడే తెలియదు, ఫోటోషాప్ పాత వెర్షన్లు యూనికోడ్ తెలుగు ఒత్తులను చెదరగొట్టేవి. అందుకే ఆ పద్ధతి ఇంతకాలం నిలిచింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు అక్షరాల కూర్పుకు హార్ఫ్‌బజ్ అనే ఇంజిను వాడుకుంటూ ఆ సమస్యను దాటేశాయి. పేజీ కూర్పుకు స్క్రైబస్ వాడండి, కాని 1.6 లేదా ఆ తర్వాతి వెర్షనే వేసుకోండి. పాత 1.4లో తెలుగు ఒత్తులు విడిపోయేవి, అప్పుడు ప్రయత్నించి విసిగి వదిలేసినవారు మళ్లీ చూడవలసిన సమయమిది.

ఫాంట్ల కొరత కూడా ఇప్పుడు లేదు. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు, సురవరం, పెద్దన, ధూర్జటి వంటివి, గూగుల్ నోటో తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా ఫాంటు లైసెన్సు కింద ఉన్నాయి. డబ్బుకు చేసే ముద్రణలోనూ వాడవచ్చు. శుభలేఖ తలకట్టుకు రామభద్ర బరువుగా, నిండుగా ఉంటుంది. లోపలి పాఠానికి మండలి హాయిగా చదివిస్తుంది. ఏ ఫాంటు దింపినా ముందు ఒక పరీక్ష పెట్టండి: "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు", "జ్యేష్ఠ పుత్రుడు", "ద్వితీయ పుత్రిక", "రాష్ట్రం", "జ్యోత్స్న" అని టైపు చేసి, పీడీఎఫ్ తీసి, ఒత్తులు పక్కకు జరిగాయేమో, కింది వరుసకు తగులుతున్నాయేమో రెండు వందల శాతం పెద్దది చేసి చూడండి.

ఫోటో పనికి జింప్, బొమ్మలు, లోగోలు, ఫ్లెక్స్ డిజైనుకు ఇంక్‌స్కేప్ సరిపోతాయి. ఫ్లెక్సుకు ఆర్‌జీబీ (తెర రంగుల) చిత్రం ఇచ్చినా యంత్రం దగ్గరి సాఫ్ట్‌వేరు రంగులను మార్చుకుంటుంది. ప్లేట్లతో అచ్చువేసే ఆఫ్‌సెట్ పని వేరు. జింప్ నుంచి, ఇంక్‌స్కేప్ నుంచి నేరుగా తీసిన ఫైలులో నల్ల అక్షరం నాలుగు రంగులుగా విడిపోయి, ప్లేట్లు వెంట్రుకంత జరిగినా అచ్చులో అంచు మసకబారుతుంది. అందుకని ఫోటోను జింప్‌లో, బొమ్మను ఇంక్‌స్కేప్‌లో చేసి, అక్షరాలన్నిటినీ స్క్రైబస్‌లో నలుపు నూరు శాతంగా పెట్టి, చివరి పీడీఎఫ్ అక్కడి నుంచే సీఎంవైకేలో, అంటే అచ్చుకు వాడే నాలుగు రంగుల్లో, తీయండి. కస్టమరు పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైలు తెస్తే బ్రౌజరులో నడిచే ఫోటోపీ దాన్ని బాగా తెరుస్తుంది. సీడీఆర్ (కోరల్‌డ్రా) ఫైళ్లను ఇంక్‌స్కేప్, లిబ్రెఆఫీస్ డ్రా తెరుస్తాయిగాని, షేడులు, ఎఫెక్టులు కొన్ని పోతాయి. రోజూ బయటి నుంచి సీడీఆర్ ఫైళ్లు వచ్చే దుకాణమైతే కోరల్‌డ్రా ఒక లైసెన్సు కొనమనే నేను చెబుతాను.

పెళ్లి ఫోటోలు, వీడియోలు. వీడియోకు డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షను మన పెళ్లి పనికి ధారాళంగా చాలు, దాంతో డబ్బు సంపాదించడానికి అభ్యంతరం లేదు. మంచి గ్రాఫిక్స్ కార్డు మాత్రం కావాలి. పాత యంత్రానికి షాట్‌కట్, కేడెన్‌లైవ్ ఉన్నాయి. ఆల్బం డిజైను చేసేవారు చేతులు మారుతూ వచ్చే పీఎస్‌డీ మూసల మూట గురించి కూడా ఆలోచించాలి. అవి ఎవరో ఒక డిజైనరు అమ్ముకునే సరుకు. రోజుకు పదుల పేజీలు చేసే ఆల్బం డిజైనరుకు ఫోటోషాప్ చందా కట్టడమే సబబు. వారి వేగమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

లెక్కలు. భీమవరం మేత డీలరుకైనా, మండపేట మిల్లుకైనా, కడియం నర్సరీకైనా ఆడిటరు ట్యాలీ డేటా అడుగుతున్నప్పుడు ట్యాలీ కొనడమే మంచిది. ఏళ్ల తరబడి లెక్కలు దొంగ కాపీలో ఉంచడం, అది మొరాయించిన రోజున సహాయానికి ఫోను చేయలేని స్థితి, వ్యాపారానికి ఏమాత్రం తగదు. నేర్చుకునేవారికి అందులోనే ఎడ్యుకేషన్ మోడ్ ఉంది. నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు ఒప్పుకుంటుంది, అభ్యాసానికి అది చాలు. కాస్త పెద్ద వ్యాపారం, కంప్యూటరు తెలిసిన మనిషి ఉంటే ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు చూడవచ్చు. జీఎస్టీ రిటర్నులకు కావలసిన ఆఫ్‌లైన్ ఉపకరణాన్ని జీఎస్టీ పోర్టలే ఉచితంగా ఇస్తుంది.

ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థులు ఆటోక్యాడ్ క్రాక్ కోసం వెతకడం అనవసరం. కాలేజీలో చదువుతున్నట్లు ఆధారం చూపితే ఆటోడెస్క్ ఏడాది లైసెన్సు ఉచితంగా ఇస్తుంది, చదువు సాగినంత కాలం దాన్ని పొడిగించుకోవచ్చు; ఆ లైసెన్సుతో బయటి ప్లాన్లు గీసి డబ్బు తీసుకోకూడదు. త్రీడీకి ఫ్రీక్యాడ్, గీతల డ్రాయింగుకు లిబ్రెక్యాడ్, చెరువుల, పొలాల మ్యాపులకు క్యూజిస్ ఉన్నాయి.

అర్జీలు, ఉత్తరాలు, జాబితాలకు లిబ్రెఆఫీస్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మెనూలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు.

ఐదో అడుగు: కాలం చూసుకుని మారండి

మాఘంలోనో వైశాఖంలోనో శుభలేఖల తాకిడి మీద ఉండగా సాఫ్ట్‌వేరు మార్చవద్దు. ఆషాఢం అందుకు సరైన నెల. ముహూర్తాలు ఉండవు, ఆపరేటరుకు చేతినిండా తీరిక ఉంటుంది. ధనుర్మాసంలోనూ పెళ్లిళ్లు ఉండవుగాని సంక్రాంతి ఫ్లెక్సులు ఊపిరాడనివ్వవు. లెక్కల సాఫ్ట్‌వేరు మాత్రం ఏప్రిల్ 1న, కొత్త ఆర్థిక సంవత్సరంతో మార్చండి.

మార్చేముందు అన్ని ఫైళ్లనూ రెండు బయటి హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో ఉంచండి. పాత పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రెఆఫీస్ 2015 నుంచి తెరవగలుగుతోంది, కాని పేజీ అమరిక సుమారుగానే వస్తుంది. పాత ఫైళ్లన్నిటినీ మార్చే పని పెట్టుకోవద్దు. ఏటా తిరిగి వచ్చేవి, అంటే బిల్లు బుక్కులు, గుడి ఉత్సవాల కరపత్రాలు, స్కూలు డైరీలు ఏరి, వాటిని మాత్రం యూనికోడులోకి తెండి. అను నుంచి యూనికోడుకు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అయితే మార్చిన పాఠాన్ని ఒకసారి పూర్తిగా ప్రూఫు చూడాలి; అరసున్నలు, ఒత్తులు, అంకెలు ఎక్కువగా తప్పుతాయి. యూనికోడ్ టైపింగుకు విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. వేళ్లకు పాత లేఅవుటు అలవాటైనవారికి మొదటి వారం చాలా విసుగ్గా ఉంటుంది. ఆ వారంలో వచ్చే పనులు చిన్నవైతే ఆపరేటరు నిలదొక్కుకుంటారు, అందుకే ఆషాఢం అన్నాను.

ఒక్కో పనినీ విడిగా మార్చండి. ముందు బిల్లు బుక్కులు, తర్వాత కరపత్రాలు, తర్వాత శుభలేఖలు. కొత్త సాఫ్ట్‌వేరులో చేసిన మొదటి పీడీఎఫ్‌ను ప్రెస్సుకు పంపి, ప్లేటు తీయకముందే నలుపు సరిగా విడిపోయిందా అని అక్కడివారిని అడిగి తెలుసుకోండి. చిట్టాలోని పని ఒకటి కొత్త పద్ధతిలో మూడుసార్లు సజావుగా జరిగాక, దానికి వాడిన దొంగ కాపీని తీసేయండి. చివరికి విండోస్‌ను శుభ్రంగా మళ్లీ వేయించండి. క్రాక్ తీసేసినా అది వెంట తెచ్చింది మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఆరో అడుగు: కొనవలసినదాన్ని తెలివిగా కొనండి

చందా సాఫ్ట్‌వేరును దుకాణంలోని అన్ని యంత్రాలకూ తీసుకోవద్దు. ఒక్క యంత్రానికి తీసుకుని, బయటి ఫైళ్లు తెరిచే పనులన్నీ అక్కడికి మళ్లించండి. ఏడాదికి ఒకేసారి కట్టే చందా నెలనెలా కట్టేదానికంటే సాధారణంగా చౌక. పెళ్లిళ్ల కాలానికే అవసరమైతే ఆ నెలలకే తీసుకుని ఆపేయవచ్చు, కాని మధ్యలో ఆపితే రుసుము పడుతుందేమో ముందు చదవండి. జీఎస్టీ నమోదు ఉండి, కాంపోజిషన్ పథకంలో లేనివారు బిల్లు మీద తమ నంబరు వేయించుకుంటే, కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి పొందవచ్చు. ఆ ఖర్చును ధరలో కలపడానికి వెనుకాడవద్దు. డిజైను చార్జీని అచ్చు చార్జీ నుంచి విడదీసి బిల్లులో చూపితే, కస్టమరుకు కూడా దాని విలువ తెలుస్తుంది.

ఏడో అడుగు: ఉచితంగా తీసుకున్నదానికి తిరిగి ఇవ్వండి

కొనకుండా మిగిలిన డబ్బులో కొంత, ఏడాదికి ఒక రోజు ఆదాయమైనా, మీరు ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేరు ప్రాజెక్టుకు పంపండి. అంతకంటే విలువైనది మీరు మాత్రమే ఇవ్వగలిగినది ఒకటి ఉంది. స్క్రైబస్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో తెలుగు ఎక్కడైనా చెదిరితే, దాన్ని తయారుచేసేవారికి ఆ సంగతి తెలియదు. వారిలో తెలుగు చదవగలిగినవారు చాలా అరుదు. ప్రతి ప్రాజెక్టు సైటులోనూ బగ్ (లోపం) రిపోర్టు చేసే చోటు ఉంటుంది. అక్కడ సాఫ్ట్‌వేరు వెర్షను నంబరు, విండోస్ లేదా లినక్స్ వెర్షను, ఫాంటు పేరు రాయండి. తప్పు వస్తున్న మాటను యూనికోడులో టైపు చేయండి. అది తెర మీద ఎలా కనిపిస్తోందో ఒక చిత్రం, ఎలా కనిపించాలో మరో చిత్రం జతచేయండి. రెండోదాన్ని లిబ్రెఆఫీస్ రైటరు నుంచి తీయవచ్చు. ఒక రిపోర్టులో ఒకే తప్పు రాయండి. వివరణ నాలుగు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో ఉంటే చాలు. ఇంగ్లీషు రాకపోతే ఊళ్లోని కాలేజీ కుర్రవాళ్లను అడిగి రాయించండి. సాఫ్ట్‌వేరు తయారుచేసేవారు మరిన్ని వివరాలు అడుగుతూ జవాబు రాస్తారు కనుక, రిపోర్టులో ఇచ్చిన ఈమెయిలును ఆ తర్వాత కొన్ని వారాల పాటు చూస్తూ ఉండండి.